మావాడి ఎముకల వయసు తక్కువట, పరుగు కొనసాగించాలా?

నమస్కారమండి. మాది కావలి. మా అబ్బాయికి 12 నిండి నాలుగు నెలలు. నిరుడు 400 మీటర్ల పరుగులో వాడి ఈడు పిల్లలెవరూ వాడి ముందు నిలవలేదు. ఈ ఏడు అదే పిల్లలకు గొంతు మారింది, నూనూగు మీసాలొచ్చాయి, కాళ్లు సాగాయి. వీడు నాలుగో స్థానం దాటడం లేదు. తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు చూస్తే సంక్రాంతి నుంచి రెండు వేళ్లు కూడా పెరగలేదు.

నెల్లూరులో పిల్లల డాక్టరుగారు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు, అంటే ఎముకలు ఎదిగిన తీరును బట్టి కట్టే వయసు, పదిన్నరేళ్లే అన్నారు. జబ్బేమీ లేదు, ఎదుగుదల ఆలస్యం, ఎముకల చివర్లలో పెరిగే భాగం ఇంకా మూసుకోలేదు కాబట్టి పెరుగుతాడన్నారు. నేనూ ఇంటర్‌లోనే సాగానని మా అమ్మ అంటుంది. నాకు ధైర్యం వచ్చింది గానీ వాడికి రాలేదు. మొన్న స్పైక్స్ బూట్లు సంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

బరువులెత్తిస్తే బలం వస్తుందని కోచ్‌గారు అంటున్నారు. ఈ దశలో ఎంతవరకు చేయించవచ్చు? పరుగు తగ్గించి ఈత, ఆటలు పెంచాలా? ఆలస్యంగా ఎదిగి, తర్వాత తోటివాళ్లను అందుకున్న పిల్లలు మీకు తెలిస్తే దయచేసి రాయండి. వాడికి చదివి వినిపిస్తాను.