రెండు ఓసేజ్ ముక్కలను పిడి దగ్గర అతికి విల్లు చేయవచ్చా?

ప్రశ్న: కంచెచెట్టు

నేను ఉండేది టెక్సస్‌లోని డెంటన్ దగ్గర. గాలివానకు కూలిన ఓసేజ్ ఆరెంజ్ (విళ్లకు పేరున్న గట్టి చెక్క గల అమెరికా చెట్టు) చెట్టును పొరుగువారు కోయిస్తుంటే ఒక మొద్దు అడిగి తెచ్చుకున్నాను. ముళ్లకంచె తీగ రాకముందు ఇక్కడి రైతులు పొలాల చుట్టూ ఈ చెట్లనే కంచెగా పెంచేవారు కనుక అవి ఇప్పటికీ కనిపిస్తాయి గానీ, ఆరడుగుల మేర వంకరా ముడీ లేని మాను దొరకడం కష్టం. నాకు దొరికిన మొద్దులోనూ మూడడుగుల పైన పెద్ద కొమ్మ ముడి ఉంది. దాని కింది భాగాన్ని ఇనుప చీలలతో చీల్చి, పక్కపక్కనే వచ్చిన రెండు బద్దలను కొనలకు రంగు పూసి, ఏడాదికి పైగా ఇంట్లోనే ఆరబెట్టాను. ఒక్కొక్కటి 37 అంగుళాల పొడవుంది. వీటిని పిడి దగ్గర అతికి 45 పౌండ్ల విల్లు (పూర్తిగా లాగడానికి అంత బలం పట్టేది) చేయాలని ఉంది. అతుకు పెట్టిన విల్లు లాగినప్పుడు అక్కడే విరుగుతుందని మిత్రులు అంటున్నారు. ఏ రకం కోత, ఏ జిగురు వాడాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చిత్రిక

మీ మిత్రుల భయంలో సగం నిజం ఉందండి. విల్లు లాగినప్పుడు వంచే బలం అన్నిచోట్లకంటే ఎక్కువగా పడేది పిడి మీదే. అయినా అక్కడ విరగకపోవడానికి కారణం మందం. మందం రెట్టింపైతే చెక్క మీది ఒత్తిడి నాలుగో వంతుకూ, వంపు ఎనిమిదో వంతుకూ తగ్గుతాయి. అందువల్ల పిడిని ఒకటిన్నర అంగుళం మందాన ఏమాత్రం వంగకుండా ఉంచి, అతుకు మొత్తాన్ని ఆ గట్టి భాగంలోనే ఇమిడ్చితే జిగురుకు పెద్ద పరీక్ష ఉండదు. పిడితో సహా వంగే విల్లు చేయాలనుకుంటే మాత్రం అతుకు ఆలోచన మానుకోండి.

కోతకు జెడ్ అతుకు (వీపు మీద చూస్తే Z అక్షరంలా కనిపించేది) చాలు. నాలుగు అంగుళాల పొడవున, ఒక్కో ముక్కకు ఒక కొన, ఒక గాడి వచ్చేలా గీత గీస్తారు. రెండు ముక్కలకూ ఆకారం ఒకటే కనుక, అట్టతో ఒక నమూనా కత్తిరించి రెండవ ముక్క మీద దాన్ని అటుదిటు తిప్పి పెడితే సరిపోతుంది. గీతలు విల్లు వీపు (గురివైపు ఉండే ముఖం) మీద గీసి, రంపాన్ని వీపు నుంచి పొట్టవైపుకు (విలుకాడివైపు ఉండే ముఖానికి) నిటారుగా దించాలి. అలా కోస్తే జిగురు ముఖాలు వీపుకు నిలువుగా ఉంటాయి, ప్రతి కొనకూ పిడి పూర్తి మందం దక్కుతుంది, విల్లు వంగినప్పుడు అతుకును ఊడబెరికే బలం పడదు. పక్క నుంచి చూస్తే ఏటవాలుగా కనిపించే అతుకులో ఆ సౌకర్యం లేదు. దాని పలచని కొన వీపు మీదికి తేలి, లేచిపోయే ప్రమాదం ఉంటుంది.

మరొక సంగతి. రెండు బద్దలూ ఒకే మొద్దులో పక్కపక్కనే ఉన్నవి గనుక, చెట్టు మొదలువైపు కొనలు రెండింటినీ పిడి దగ్గర కలపండి. అప్పుడు పైరెక్క, కిందిరెక్క (పిడికి పైన, కింద వంగే భాగాలు) దాదాపు ఒకే తీరుగా వంగుతాయి. కోతకు ముందే తెల్లచెక్కను తీసేసి, కనీసం పిడి భాగంలోనైనా చేవలోని ఒకే ఏటి వలయాన్ని వీపుగా తేల్చుకుంటే రెండు వీపులూ ఒకే ఎత్తున కలుస్తాయి.

జవాబు: ఆకురాయి

చిత్రిక గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను గానీ, మొదటిసారి చేసేవారికి రంపంతో అంత నిఖార్సైన జెడ్ కోత రాదు. ఓసేజ్‌కు ఒక వెసులుబాటు ఉంది. కోసిన కొనలను అరగంటో గంటో నీళ్లలో ఉడకబెట్టి, వేడిగా ఉండగానే కొయ్యసుత్తితో ఒకదానిలోకి ఒకటి దిగగొట్టి క్లాంపులు బిగిస్తే, మెత్తబడిన చెక్క ఎదుటి ముక్క ఆకారానికి ఒదిగిపోతుంది. నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి కాబట్టి వంటింటి గిన్నె వాడకండి. తర్వాత విడదీసి, కొన్ని వారాలు పూర్తిగా ఆరనిచ్చాకే జిగురు పెట్టాలి. పెట్టేముందు పొడిగా కలిపి కిటికీ ఎదుట పట్టుకోండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

జిగురు విషయంలో, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు) నా ఎంపిక. అది చిన్న సందులను నింపుతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు సందులను నింపదు, ఎడతెగని బరువు కింద మెల్లగా సాగుతుంది కూడా. ఓసేజ్ చెక్కలో నూనెగుణం ఉంటుంది కాబట్టి అతికే ముఖాలను గరుకుగా ఉంచి, అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించండి. ఎపాక్సీకి క్లాంపులను అతిగా బిగించకూడదు, జిగురంతా బయటికి కారి అతుకు వట్టిపోతుంది.

అతుకు విల్లంటే చిన్నచూపు కూడా అక్కర్లేదు. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన యూ (అనే చెట్టు చెక్క) విళ్లు ఏకకర్రవే అయినా, తర్వాతి కాలపు ఇంగ్లండులో గురిపోటీలకు వాడిన యూ విళ్లలో పిడి దగ్గర అతికినవి ఎన్నో ఉన్నాయి. తురుష్కుల కొమ్ము విళ్లకైతే పిడి, రెక్కలు, కొనలు అన్నీ వేర్వేరు చెక్కలే. మన ఏజెన్సీ గూడేల్లో వెదురుతో విల్లు చేసేవారికి మాత్రం ఈ బాధ లేదు, వెదురు కావలసినంత పొడవు దొరుకుతుంది.

ప్రశ్న: కంచెచెట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అతికేటప్పుడు రెండు రెక్కలు ఒకే వరుసలో ఉన్నాయని ఎలా తెలుసుకోవాలి? కొనలను కొంచెం ముందుకు వంచి అతకమని ఒకరు చెప్పారు, అది మంచిదేనా?

జవాబు: చిత్రిక

ఒక కొన మధ్య నుంచి రెండో కొన మధ్యకు దారం బిగించి కట్టండి. అది పిడి నడిమధ్యగా పోవాలి. జిగురు పట్టకముందే చూసుకుని సరిచేయాలి, కనుక ముందురోజే జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూడండి. పిడిని ఇప్పుడే సన్నగా చెక్కకుండా వెడల్పుగా వదిలితే, దారం కొద్దిగా పక్కకు పోయినా తర్వాత చెక్కడంలో సర్దుకోవచ్చు. మెలిక మాత్రం అలా పోదు. రెండు రెక్కల మీదా అడ్డంగా చెరొక బద్ద పెట్టి, ఒక కొన నుంచి కన్ను పెట్టి చూస్తే అవి సమాంతరంగా కనిపించాలి.

కొనలు వీపువైపుకు ఒకటి రెండు అంగుళాలు వాలేలా అతకడం మంచిదే. విల్లు వాడేకొద్దీ పొట్టవైపుకు కొంత వంగి అలాగే ఉండిపోతుంది, ఆ నష్టం ఇక్కడ పూడుతుంది. అంతకు మించితే అల్లెత్రాడు ఎక్కించడం, రెక్కలను సరిచేయడం కష్టమవుతాయి. అతుకులో నాలుగు అంగుళాలు పోయి మీకు 70 అంగుళాలు మిగులుతుంది. 66కు కోసుకుంటే కొనల్లోని పగుళ్లు కూడా పోతాయి. పిడి చెక్కడం పూర్తయ్యాక అతుకు మీద నారదారాన్ని జిగురులో తడిపి దగ్గరదగ్గరగా చుట్టి, పైన తోలు వేసుకోండి. ఎపాక్సీ మరుసటి రోజుకే గట్టిగా కనిపించినా, వారం రోజులైనా ఆగి ఆ తర్వాతే విల్లు వంచడం మొదలుపెట్టండి.