రెండో వివాహం చెల్లనప్పుడు ఆ పిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందా?

ప్రశ్న

మా నాన్నగారు గత సంవత్సరం వీలునామా రాయకుండానే కాలం చేశారు. ఆయన 1992లో మా అమ్మను గుడిలో, బంధువుల సమక్షంలో, శాస్త్రోక్తంగా వివాహం చేసుకున్నారు. అయితే అప్పటికే ఆయనకు పెళ్ళయింది. మొదటి భార్య, అంటే మా పెద్దమ్మగారు, నేటికీ ఉన్నారు, వారికి విడాకులు కాలేదు. పెద్దమ్మగారికి ఒక కొడుకు, ఒక కూతురు. మా అమ్మకు నేను, మా తమ్ముడు. ముత్తాతగారి కాలం నుంచి పంపకాలు లేకుండా వస్తున్న 9 ఎకరాల మాగాణి, నాన్నగారు సొంత జీతంతో కట్టిన ఇల్లు ఉన్నాయి. నాన్నగారికి తోబుట్టువులు లేరు. రెండో భార్య పిల్లలకు పిత్రార్జితంలో సెంటు భూమి కూడా రాదని అన్నయ్యగారి తరఫు పెద్దలు అంటున్నారు. అది నిజమేనా?

మొదటి సమాధానం

వారు చెప్పేది ఒకప్పటి తీర్పుల ప్రకారం సరైనదే కానీ, ఇప్పుడు చెల్లదు. మొదటి భార్య ఉండగా జరిగింది కాబట్టి మీ అమ్మగారి వివాహం హిందూ వివాహ చట్టం సెక్షన్ 11 ప్రకారం చెల్లదు. కానీ అదే చట్టంలోని సెక్షన్ 16 అటువంటి వివాహం వల్ల కలిగిన పిల్లలను సక్రమ సంతానంగానే గుర్తిస్తుంది. తల్లిదండ్రుల తప్పుకు పిల్లలను శిక్షించకూడదన్నది దాని ఉద్దేశం. చిక్కంతా ఆ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగంతో వచ్చింది. ఈ పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో తప్ప మరెవరి ఆస్తిలోనూ హక్కు రాదని అది చెబుతుంది. దీని ఆధారంగానే సుప్రీంకోర్టు 2002లో జినియా కియోటిన్ కేసులోనూ, 2010లో భరత మాత కేసులోనూ వీరికి ఉమ్మడి ఆస్తిలో వాటా లేదని తీర్పు చెప్పింది. 2011లో మరో ధర్మాసనం ఆ అభిప్రాయంతో ఏకీభవించక, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దీనిని తేల్చారు. మీరు ఉమ్మడి కుటుంబంలో దాయాదులు, అంటే పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కుండేవారు, కారు. కానీ మీ తండ్రి మరణానికి ముందు క్షణంలో పంపకాలు జరిగి ఉంటే ఆయనకు ఎంత వచ్చేదో, అది ఆయన ఆస్తే అవుతుంది, అందులో మీకు మిగిలిన పిల్లలతో సమానంగా వాటా ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. పొలంలో పుట్టుకతో హక్కున్నవారు మీ నాన్నగారు, అన్నయ్యగారు, అక్కగారు. 2005 సవరణ వల్ల కూతురికీ ఆ హక్కు ఉంది. దక్షిణాది సంప్రదాయంలో పంపకాల సమయంలో భార్యకు విడిగా వాటా లేదు కాబట్టి ముగ్గురికీ తలా 3 ఎకరాలు వస్తాయి. నాన్నగారి 3 ఎకరాలను పెద్దమ్మగారు, నలుగురు పిల్లలు పంచుకుంటే మీకు 60 సెంట్లు, ఇంట్లో ఐదో వంతు వస్తాయి. నాన్నగారు బతికి ఉండగా మాత్రం పంపకాలు కోరే హక్కు మీకు ఉండేది కాదు.

రెండో సమాధానం

పై వివరణలో ఒక ప్రశ్న అడగవలసి ఉంది: మీ నాయనమ్మగారు ఉన్నారా? మరణించిన వ్యక్తి తల్లి కూడా, భార్యాబిడ్డలతో పాటు సమానంగా వాటా పొందే మొదటి తరగతి వారసురాలే. ఈ సంగతి మన ఇళ్ళలో ఎవరికీ గుర్తుండదు, నాయనమ్మలకు కూడా.

ప్రశ్న అడిగినవారు

ఉన్నారు. మా పెద్దమ్మగారి ఇంట్లోనే ఉంటున్నారు.

రెండో సమాధానం ఇచ్చినవారు

అయితే వారసులు ఆరుగురు అవుతారు. మీ వాటా 50 సెంట్లకు, ఇంట్లో ఆరో వంతుకు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నాయనమ్మగారు వీలునామా రాయకుండా కాలం చేస్తే ఆవిడ వాటా అన్నయ్యగారికి, అక్కగారికి వెళ్తుంది కానీ మీకు రాదు, ఎందుకంటే ఆవిడ మీకు తల్లి కాదు, సెక్షన్ 16 మీకిచ్చిన హక్కు తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోతుంది. చట్టం మిమ్మల్ని నాన్నగారికి బిడ్డగా ఒప్పుకుంటూ, ఆయన తల్లికి మనవరాలిగా ఒప్పుకోకపోవడం నాకు ఎప్పటికీ వింతగానే తోస్తుంది. ఆవిడ స్వయంగా వీలునామా రాస్తే మాత్రం ఎవరికైనా ఇవ్వవచ్చు.

మూడో సమాధానం

మీ అమ్మగారి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడకు చట్టం దృష్టిలో వితంతువు హోదా లేదు కాబట్టి వాటా రాదు. 2008లో విద్యాధరి కేసులో రెండో భార్య నామినీగా ఉన్నందువల్ల సుప్రీంకోర్టు ఆమెకు వారసత్వ ధ్రువపత్రం ఇచ్చింది కానీ, ఆ సొమ్మును ఆమె నలుగురు పిల్లలకూ మొదటి భార్యకూ తలా ఐదో వంతు చొప్పున పంచమంది. మీ నాన్నగారి బీమా, బ్యాంకు పత్రాలలో నామినీగా మీ అమ్మగారి పేరు ఉంటే దీనిని గుర్తుంచుకోండి.

మీ కేసు అంతా ఆ గుడిలో జరిగిన పెళ్ళి మీదే నిలబడుతుంది. చెల్లకపోయినా సరే, ఒక వివాహం జరిగి ఉంటేనే సెక్షన్ 16 వర్తిస్తుంది. అసలు వివాహమే జరగలేదని అవతలివారు వాదించి గెలిస్తే, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 3 ప్రకారం మీరు తల్లికి మాత్రమే వారసులవుతారు. కాబట్టి పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, నాన్నగారి పేరున్న మీ జనన, పాఠశాల పత్రాలు, రేషన్ కార్డు సేకరించి, పెళ్ళి చూసిన వృద్ధ బంధువులు సాక్ష్యం చెప్పగలిగే స్థితిలో ఉండగానే సివిల్ కోర్టులో విభజన దావా వేయండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మీ పేర్లు లేకపోయినంత మాత్రాన హక్కు పోదు. అది కోర్టు తేల్చవలసిన విషయం. ఈలోగా పొలం అమ్మకానికి పెడుతున్నట్లు తెలిస్తే, దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకాన్ని అప్పటికి ఆపే కోర్టు ఉత్తర్వు) కోరమని మీ న్యాయవాదికి చెప్పండి.