సెల్ఫ్ కొడితే ‘టక్’ అంటోంది, తిరగట్లేదు. పాత డీజిల్ పికప్‌కి బ్యాటరీ మార్చాలా?

హార్బర్_లోడు:
2008 మోడల్ డీజిల్ పికప్, 12 వోల్టుల బండి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పూర్ణా మార్కెట్‌కి చేపల లోడు. తాళం తిప్పితే ఒక్కోసారి ఒక్క ‘టక్’, అంతే. ఒక్కోసారి సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) ముక్కుతూ మూలుగుతూ తిరుగుతుంది. ఇంజను వేడి మీదుంటే మరీ మొండికేస్తుంది. తోస్తే మాత్రం వెంటనే అందుకుంటుంది. బ్యాటరీకి 14 నెలలు. బ్యాటరీ మార్చాలా? సెల్ఫ్ రిపేరు చేయించాలా, కొత్తది వేయాలా? తాళం బదులు పుష్ బటన్ పెట్టించుకోవచ్చా? మైలేజీ కూడా పడిపోయింది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

గాజువాక_డీజిల్:
బ్యాటరీయే. మార్చెయ్.

మీటర్_మాస్టారు:
పైన సలహా ఇచ్చినాయన డబ్బులు కూడా ఇస్తారేమో అడగండి. తోస్తే అందుకుంటోందంటే డీజిల్ పంపు, ఫ్యూయల్ కట్ సోలనాయిడ్ (ఇంజనుకి డీజిల్ ఆపే కరెంటు వాల్వు) బాగున్నట్టే. వాటి జోలికి వెళ్ళొద్దు. పొద్దున్నే తాళం పెట్టకముందు బ్యాటరీ కొలవండి. 12.6 వోల్టులు అయితే నిండు, 12.2 అయితే సగం, 12 కిందకొస్తే ముందు ఛార్జింగు పెట్టాలి.

అసలు సంగతి తేలేది సెల్ఫ్ కొడుతున్నప్పుడే. ఇంజను అందుకోకుండా ఫ్యూయల్ కట్ వైరు పీకండి, బండి న్యూట్రల్‌లో పెట్టండి. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. ఐదు సెకన్లు చాలు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. నాలుగు కొలతలు: బ్యాటరీ రెండు పోస్టుల మధ్య (క్లాంపు మీద కాదు, సీసం మీదే ముల్లు ఆనించాలి), బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ లావు బోల్టుకి, బ్యాటరీ మైనస్ నుంచి సెల్ఫ్ బాడీకి, సెల్ఫ్ లావు బోల్టు నుంచి సెల్ఫ్ బాడీకి. మొదటిది 9.6 కిందకి పడిపోతే బ్యాటరీ మీద అనుమానపడండి. రెండోది 0.5 దాటకూడదు, మూడోది 0.3 దాటకూడదు.

వైండింగ్_బాబాయ్:
మీటరు సరే, చప్పుడు కూడా వినండి. ‘టకటకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా సోలనాయిడ్‌లో (సెల్ఫ్ మీదుండే కరెంటు స్విచ్చు) పట్టి ఉంచే కాయిల్ తెగి ఉండాలి. ఒక్కటే ‘టక్’ అంటే ప్లంజరు (సోలనాయిడ్‌లో కదిలే ఇనుప కడ్డీ) వెళ్ళింది గానీ లోపల రాగి కాంటాక్టులు కరెంటు దాటించట్లేదు. కొన్ని సోలనాయిడ్లలో ఆ రాగి బోల్టు విప్పి సగం చుట్టు తిప్పి బిగిస్తే కాలని వైపు పనికొస్తుంది. చప్పుడే లేకపోతే బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) చూడండి. ప్లంజరుని లాగే కాయిల్‌కి ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్ళే దారి) మోటారు వైండింగ్ గుండానే దొరుకుతుంది కాబట్టి, బ్రష్షు అరిగితే సోలనాయిడ్ కూడా నీరసపడుతుంది. సుత్తి పిడితో సెల్ఫ్ మీద నెమ్మదిగా తడితే పని చేసిందా, బ్రష్షులే.

వేడి మీద మొండికేస్తోందన్నారు. రాగి 50 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్సు ఇంచుమించు 20 శాతం పెరుగుతుంది. దానికి తోడు ఇరుసు తిరిగే బుష్షులు అరిగితే ఆర్మేచరు (లోపల తిరిగే భాగం) చుట్టూ ఉండే పోల్ షూ ఇనుముకి రాసుకుంటుంది. విప్పినప్పుడు ఆర్మేచరు మీద మెరిసే గీత కనబడితే అదే. నూనె పీల్చుకునే రకం కొత్త కంచు బుష్షు అయితే వేసేముందు రాత్రంతా ఇంజనాయిల్లో నానబెట్టాలి. ఎంతమంది నానబెడుతున్నారో చెప్పమనండి.

పాతకాపు:
ఇన్ని కొలతలు దేనికి గురూ? ముందు డైనమో ఛార్జింగు చేస్తందో లేదో చూడాల. బండి స్టార్టింగులో ఉండగా బ్యాటరీ నెగటివ్ పీకు. ఆగిపోతే డైనమో పోయినట్టు. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే చూస్తన్నాం, మీటరు ముట్టుకోలేదు.

మీటర్_మాస్టారు:
దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు! మీ బండిలో ఉన్నది డైనమో కాదు, ఆల్టర్నేటరు. పేరొక్కటే పాతది మిగిలింది. నడుస్తున్న ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీని ఒక్కసారిగా విడదీస్తే వోల్టేజీ 60 పైకి కూడా ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు, మ్యూజిక్ సెట్టు, ఏది ముందు పోతుందో అదృష్టం. పైగా కేబుల్ లాగి ఇంజను ఆపే బండ్లయితే, ఆల్టర్నేటరు చచ్చినా ఇంజను ఆగదు. పరీక్షే తప్పు. ఇంజను కొంచెం రేజ్ చేసి బ్యాటరీ మీద కొలవండి, 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బాగున్నట్టు.

పాతకాపు:
మరేటి, ముప్పై ఏళ్ళలో ఒక్క డయోడూ పోలేదే?

వైండింగ్_బాబాయ్:
పోయినవి మా దగ్గరికొస్తున్నాయి బావూ. అక్కడ పీకుతున్నారు, ఇక్కడ కడుతున్నాం.

పాతకాపు:
పుస్తకం చదివినోళ్ళు, దుకాణం పెట్టినోళ్ళు ఒకటైపోయారు. కానియ్యండి.

ఎండాడ_డౌను:
బండి ఎప్పుడూ డౌనులో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా. హనుమంతవాక నుంచి ఎండాడ దాకా డౌనుకేమీ కరువు లేదు.

గాజువాక_డీజిల్:
హార్బర్ ఎక్కడుంది, ఎండాడ ఎక్కడుంది? పోర్టు రోడ్డులో లారీ వాణ్ణి అడిగి జంప్ కేబుల్ పెట్టించుకుంటే సరిపోతుంది.

మీటర్_మాస్టారు:
లారీ 24 వోల్టులు! 12 వోల్టుల పికప్‌కి తగిలిస్తే బ్యాటరీ పేలినా పేలుతుంది. జంప్ 12 వోల్టుల బండి నుంచే తీసుకోవాలి. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం మీ ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. నిప్పురవ్వ పుడితే అక్కడే పుట్టాలి. నోట్లో బీడీ ఉంటే ముందది పారేయండి.

కంచరపాలెం_వైరింగు:
అందరూ చేపల లోడు అన్న మాట వదిలేశారు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు బాడీ నుంచి కారేది ఛాసిస్ మీదకే. ఎర్త్ బోల్టూ అక్కడే ఉంది. పైకి బోల్టు బిగువుగానే కనిపిస్తుంది, విప్పితే లగ్గు (కేబుల్ కొసన బోల్టుకి తగిలించే కన్ను) కింద తుప్పు పొర, కేబుల్ రబ్బరు రెండంగుళాలు కోసి చూస్తే రాగి పోగులు పచ్చటి చిలుముతో పొడిపొడి. ఒక్క చిట్కా: సెల్ఫ్ కొట్టిన వెంటనే క్లచ్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ ముట్టుకోండి. వెచ్చగా ఉన్నాయంటే ఎర్త్ దొరక్క కరెంటు వాటి గుండా పోతోందని అర్థం.

హార్బర్_లోడు:
కొలిచాను. ఊరికే ఉన్నప్పుడు 12.5. సెల్ఫ్ ముక్కుతున్నప్పుడు బ్యాటరీ మీద 11.4, ప్లస్ వైపు 0.3, మైనస్ వైపు 2.2, సెల్ఫ్ మీద 8.9. యాక్సిలరేటర్ కేబుల్ నిజంగానే వెచ్చగా ఉంది.

మీటర్_మాస్టారు:
ఇంకేం కావాలి? 2.2 వోల్టులు ఎర్త్‌లోనే తినేస్తోంది. 150 ఆంపియర్లు పారుతున్నాయనుకుంటే 330 వాట్లు ఆ బోల్టు దగ్గర ఊరికే వేడైపోతున్నాయి. బ్యాటరీ జోలికి వెళ్ళకండి.

కంచరపాలెం_వైరింగు:
35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ తీసుకోండి. బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా గేర్‌బాక్స్ బోల్టుకి ఒకటి, ఇంజను నుంచి ఛాసిస్‌కి ఇంకోటి. లగ్గు హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించండి, సుత్తితో చితక్కొట్టిన లగ్గు ఆర్నెల్లు కూడా ఉండదు. లగ్గు ఆనేచోట పెయింటు మొత్తం గోకి ఇనుము మెరవాలి, పళ్ళ వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

పాతకాపు:
గ్రీజు కాదు, వాసెలిన్.

కంచరపాలెం_వైరింగు:
ఏదైనా ఒకటే, ముందు రాసి తర్వాత బిగించకపోతే చాలు.

పాతకాపు:
ఒకటెలా అవుద్ది? గ్రీజు ఎండకి కరిగి కారిపోద్ది, మట్టి పట్టేస్తది.

ఎండాడ_డౌను:
టెర్మినల్ మీద తెల్లటి బూజు వస్తే ఏం చేయాలి?

వైండింగ్_బాబాయ్:
గ్లాసుడు వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పోయండి, పొంగు ఆగాక కడగండి. సెల్ మూతలు బిగించి ఉండాలి, సోడా లోపలికి దిగితే యాసిడ్ చచ్చిపోతుంది.

హార్బర్_లోడు:
రెండు కేబుళ్ళూ మార్చాను. ఇప్పుడు మైనస్ వైపు 0.15, ప్లస్ వైపు 0.35, సెల్ఫ్ మీద 10.4. గిర్రున తిరుగుతోంది. కానీ బ్యాటరీ మీద ఇదివరకు 11.4 ఉండేది, ఇప్పుడు 10.9కి పడుతోంది. బ్యాటరీ పోతోందా?

గాజువాక_డీజిల్:
మొదటి రోజే చెప్పాను, మార్చెయ్ అని.

మీటర్_మాస్టారు:
లేదండీ. ఇన్నాళ్ళూ ఎర్త్ అడ్డుపడి సెల్ఫ్‌కి కరెంటు చాల్లేదు కాబట్టి బ్యాటరీ మీద బరువు పడలేదు. ఇప్పుడు పూర్తిగా లాగుతోంది, అందుకే దిగింది. 9.6 పైనుంటే సరే. వేడి మీద మళ్ళీ మొండికేస్తేనే బుష్షులు విప్పించండి.

పుష్ బటన్ పెట్టేట్టయితే సోలనాయిడ్ సన్న వైరు నేరుగా బటన్‌కి ఇవ్వొద్దు. మొదటి లాగుకే 30 ఆంపియర్లు దాటొచ్చు, బటన్ కాంటాక్టులు అంటుకుపోయి ఇంజను అందుకున్నాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) పెట్టండి. దాని పిన్నుల మీద నంబర్లుంటాయి: 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87 నుంచి సోలనాయిడ్, 86కి బటన్, 85 ఎర్త్. బటన్‌కి కరెంటు తాళం ఆన్‌లో ఉన్నప్పుడే రావాలి.

పాతకాపు:
అదంతా సరే గానీ, ఆ ఎర్త్ బోల్టుకి చివరికి ఏటి రాశావు? గ్రీజా, వాసెలినా?