‘పడతామా?’ అన్న మాటలో ఏ క్రియ ఉంది?

మిత్రులందరికీ నమస్కారం. ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి. ముందు సంగతి చెబుతాను, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా మనవరాలు ఇంగ్లండులోనే పుట్టి పెరిగింది. తెలుగు చదవడం, రాయడం పట్టుదలగా నేర్చుకుంది. ఈ మధ్య నా చిన్ననాటి కబుర్లు, ఉద్యోగం తొలిరోజుల కబుర్లు ఇంగ్లిష్‌లో చెప్పించుకుని, తెలుగులో రాసి తెచ్చింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘మేము నలుగురం ఆ చిన్న కారులోకి కుక్కబడ్డాము.’

చదివి అక్కడే ఆగిపోయాను. పిల్ల కష్టానికి ముచ్చటేసింది, కానీ మమ్మల్ని ఎవరూ కుక్కలేదు. మేమే ఎక్కాం, నవ్వుకుంటూ ఎక్కాం. మరి దానికి మన మాట ఏమిటి అని అడిగింది. ‘పట్టాం’ అన్నాను. ‘పట్టుకున్నారా? దేన్ని?’ అంది. చర్చ అక్కడ మొదలైంది.

1964లో నేను గుంటూరులో డాక్టరీ పూర్తిచేసి ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. క్వార్టర్స్‌లో మేం నలుగురు ఆడపిల్లలం. విజయనగరం నుంచి వచ్చిన అక్క మా అందరికన్నా సీనియర్. ఒకమ్మాయిది వరంగల్, ఇంకో అమ్మాయి మలయాళీ. అక్క సెకండ్ హ్యాండ్‌లో ఇసెట్టా అనే బుల్లి కారు కొంది. వాటిని అక్కడ బబుల్ కార్లు అనేవాళ్ళు. నిజంగానే సబ్బు బుడగకు చక్రాలు పెట్టినట్టుండేది. పొడుగు రెండున్నర గజాలు, అంటే మేం కట్టుకున్న చీరలో సగం కూడా లేదు. తలుపు పక్కన కాదు, ముందు ఉంటుంది. ఫ్రిజ్ తలుపు తెరిచినట్టు కారు ముఖమంతా తెరుచుకుంటుంది, దాంతోపాటే స్టీరింగు కూడా పక్కకు జరుగుతుంది. (ఆ కారుకు రూపం ఇచ్చిన ఇటలీ కంపెనీ ఇసో అంతకుముందు ఫ్రిజ్‌లు చేసేది. ఆ సంగతి తరవాత ఎప్పుడో తెలిసినప్పుడు నాకు వింతగా అనిపించలేదు.) లోపల ఒకే ఒక బెంచీ, ఇద్దరికి సరిపోయేది. మేం నలుగురం.

ముందు అక్క స్టీరింగు వైపు కూర్చునేది. పక్కన వరంగల్ అమ్మాయి, ఆ చివర మలయాళీ అమ్మాయి. అందరికన్నా బక్కగా ఉండేదాన్ని నేనే, కాబట్టి వాళ్ళిద్దరి ఒళ్లో అడ్డంగా నేను. నలుగురివీ చీరలు, వాటి మీద దళసరి చలికోట్లు. తలుపు మూసే ముందు అక్క కుచ్చిళ్ళు లెక్కపెట్టేది: ‘నీవి లోపలున్నాయా? నీవి?’ ఒకసారి ఎవరిదో అంచు తలుపులో పడి, బ్లాక్‌పూల్ దాకా బయట ఎగురుతూ వచ్చింది. పండగ జెండాలాగా. లోపల నాలుగు ఊపిర్లకు అద్దాలన్నీ మసకబారిపోయేవి. అక్క ముందున్న అద్దం తుడవడం నా పని, నా పైటకొంగుతో. ఆ తడి ఉన్ని వాసన, పెట్రోలు వాసన, ఒళ్లో మూట కట్టిన పులిహోర వాసన ఇప్పటికీ కలగలిసే గుర్తొస్తాయి.

ప్రతిసారీ ఎక్కే ముందు ఎవరో ఒకరు అడిగేవాళ్ళు: ‘పడతామా?’ వరంగల్ అమ్మాయి ‘పడ్తం పడ్తం’ అనేది. మలయాళీ అమ్మాయి నేర్చుకున్న మొట్టమొదటి తెలుగు మాట ‘పడతాం’. 

ఇక అసలు రోజు. మా బండికి రివర్సు గేరు లేదు. బ్రిటన్‌లో అమ్మిన ఇసెట్టాలు చాలావరకు మూడు చక్రాలవి. మూడు చక్రాలుండి, రివర్సు లేకపోతే అప్పట్లో మోటార్ సైకిల్ లైసెన్సుతో నడపడానికి వీలుండేది, పన్నూ తక్కువ ఉండేది. ఆ సంగతి మరిచిపోయి అక్క ఒకరోజు బండిని తిన్నగా తీసుకెళ్ళి గోడకు ఆనించి ఆపింది. తలుపు ముందు ఉంది, తలుపు ముందు గోడ ఉంది. వెనక్కి పోదామంటే గేరు లేదు. నలుగురం లోపల.

పైకప్పు గుడ్డది, మడిచి తెరవచ్చు. ఎవరో ఒకరు అందులోంచి బయటికి వెళ్ళి బండిని వెనక్కి తొయ్యాలి. బక్కదాన్ని నేనే కదా. చెప్పులు విప్పి, బెంచీ మీద నిలబడి, తల పైకి పెట్టి అడిగాను: ‘అక్కా, ఇందులో నేను పడతానా?’

అక్క కింద నుంచి నా కాళ్ళు పట్టుకుని గట్టిగా అరిచింది: ‘పడతావే, పడతావ్!’

నేను పడతాను, అంటే ఆ కంతలో సరిపోతాను అనుకుని ఇంకా పైకి లేచాను. అక్క అంటున్నది కింద పడిపోతావని. ఒకే మాట, ఇద్దరం రెండు విన్నాం. చివరికి రెండూ నిజమయ్యాయి: పట్టాను, పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. లేచి బండిని వెనక్కి తోశాను. మూడున్నర వందల కిలోల బండి, అందులో ముగ్గురు నవ్వుతున్న మనుషులు.

ఇప్పుడు నా ప్రశ్న. ‘పడతాను’ అన్న రూపంలో రెండు క్రియలు కలిసిపోయాయి. ఒకటి పడు, రెండోది పట్టు. కట్టు నుంచి కడతాను, పెట్టు నుంచి పెడతాను, కొట్టు నుంచి కొడతాను వచ్చినట్టే పట్టు నుంచి పడతాను. భవిష్యత్తులో రెంటికీ తేడా లేదు. జరిగిపోయిన దానికి వచ్చేసరికి విడిపోతాయి: పట్టాం, పడ్డాం. లేదనేటప్పుడూ విడిపోతాయి: పట్టం, పడం. నేను చెప్పింది సరేనా? మీ ఊళ్ళల్లో ఏమంటారు?

*

ఒక సభ్యుడు, కరీంనగర్ నుంచి: 
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరే. మా దిక్కు ఆటోలో ‘జర జరుగుండ్రి, ఇంకొకరు పడ్తరు’ అంటరు. డ్రైవర్ అట్లా అంటే లోపలున్నాయన ‘ఏడ పడ్తరు, పట్టరు’ అంటడు. మీ పరీక్ష అక్కడ్నే తేలిపోయింది చూడండి. ‘పడరు’ అని ఎవరూ అనరు.

ఒక సభ్యురాలు, కాకినాడ: 
డాక్టరు గారూ, చదువుతూ నవ్వాగలేదు. నా సందేహం ఒకటి. ‘ఒక గంట పడుతుంది’ అంటాం కదా, అది ఏ క్రియ? నేను ఇన్నాళ్ళూ పడు అనుకున్నాను.

నేను: 
అమ్మా, అదే పరీక్ష పెట్టండి. ‘గంట పట్టింది’ అంటాం, ‘గంట పడింది’ అనం. కాబట్టి పట్టు. ‘నిద్ర పడుతుంది’ కూడా అంతే, తెల్లారాక ‘నిద్ర పట్టింది’ అంటాం. వాన మాత్రం చిత్రమైనది. ‘వాన పడింది’ అంటే చినుకులు రాలాయి. ‘వాన పట్టింది’ అంటే కదలకుండా కూర్చుంది, ఇక ఇవాళ బట్టలు ఆరవు. ముసురు ఎప్పుడూ పడుతుంది, పట్టింది, అంతేగానీ ‘ముసురు పడింది’ అని నేను వినలేదు. లాంకషైర్‌లో మాకు నెలల తరబడి పట్టేది.

ఒక సభ్యుడు, తెలుగు ఉపాధ్యాయుడు: 
అమ్మా, మీ మనవరాలి వాక్యంలో ఇంకో విషయం ఉంది. ‘కుక్కబడ్డాము’లో చివర ఉన్న ‘బడు’ కూడా ‘పడు’ మారిన రూపమే. ‘చేయబడింది, వ్రాయబడింది’ అని కాగితం మీద రాస్తాం, ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ‘నాకు అన్నం పెట్టబడింది’ అని ఏ పిల్లాడూ అనడు. ఇంగ్లిష్ వాక్యం ఎదురుగా పెట్టుకుని రాసినప్పుడే ఆ బడు వచ్చి చేరుతుంది. ఇక కుక్కడం అంటారా, సంచిలో బట్టలు కుక్కుతాం, నోట్లో గుడ్డ కుక్కుతాం. మనుషుల్ని కుక్కారంటే అందులో బలవంతం ఉంటుంది. లారీలో కూలీల్ని కుక్కి తీసుకెళ్ళారు అంటాం. మీ కారుకి ఆ మాట తగదు.

నేను: 
మాస్టారూ, సరిగ్గా నా మనసులో ఉన్నదే చెప్పారు. నాకు తోచింది ఇది. కుక్కడం, కూరడం వేరెవరో చేసే పని. గుత్తి వంకాయలో కారం కూరుతాం, వంకాయకి ఏమీ తెలియదు. ఇరుక్కోవడం మన ప్రమేయం లేకుండా జరిగేది. ఒదగడం మాత్రం మనిషి తానుగా చేసేది, పక్కవాళ్ళ కోసం భుజాలు దగ్గర చేసుకుని కూర్చోవడం. సర్దుకోవడం కూడా అలాంటిదే, కాకపోతే దానికి కాస్త రాజీ రుచి ఉంటుంది. ఇమడడం గౌరవమైన మాట. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటాం గానీ ఒక ఆటోలో ఎనిమిది మంది ఇమిడారని ఎవరంటారు? ఇక పట్టడం చోటు చేసే పని. ‘ఈ బిందె ఎన్ని నీళ్ళు పడుతుంది?’ అని అడుగుతాం, పట్టేది బిందె. అందుకే ‘పట్టాం’ అంటే మేం ఎక్కడమే కాదు, ఆ బండి మమ్మల్ని పట్టింది అని కూడా వినపడుతుంది నాకు.

ఒక సభ్యురాలు, హైదరాబాద్: 
బబుల్ కారును తెలుగులో ఏమందాం? ‘బుద్బుద శకటం’ అని ఎవరైనా అనేలోపు మీరే చెప్పండి.

నేను: 
బుడగ కారు. అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ బండికి ఒక్కో దేశంలో పెట్టిన ముద్దుపేర్లు వింటే ముచ్చటేస్తుంది. ఇసెట్టా అంటేనే ఇటలీ భాషలో చిట్టి ఇసో అన్నట్టు, మన ‘బుల్లి’ లాంటిది ఆ చివర ఉన్న ‘ఎట్టా’. 1955 నుంచి జర్మనీలో బీఎండబ్ల్యూ దీన్ని తయారుచేసింది, లక్షా అరవై వేలకు పైగా. అక్కడివాళ్ళు ‘క్నూచ్‌కూగెల్’ అన్నారు, ముద్దుల బంతి అని చెప్పుకోవచ్చు. ఇద్దరు అంత దగ్గరగా కూర్చోవాలి కదా మరి. ఫ్రాన్స్‌లో పెరుగు ముంత అన్నారు. మా అక్క ఆ సంగతేమీ తెలియకుండానే మా బండికి ‘పిడత’ అని పేరు పెట్టింది. ‘పిడత తీస్తున్నా, రండి’ అని కింద నుంచి కేకేసేది.

మెస్సెర్‌ష్మిట్ అని ఇంకొకటి ఉండేది, విమానాలు చేసిన కంపెనీ పేరే. అందులో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, పైన గాజులాంటి ప్లాస్టిక్ మూత. దానికి జర్మన్లు పెట్టిన పేరు స్నోవైట్ శవపేటిక, పిల్లల కథలో ఆ అమ్మాయిని పడుకోబెట్టిన గాజు పెట్టె. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జర్మన్ కంపెనీలను విమానాలు చేయనివ్వలేదు, జనం దగ్గర పెద్ద కారుకు డబ్బు లేదు. అలా పుట్టాయి ఇవన్నీ. 1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టేసరికి వీటికి గిరాకీ పెరిగింది. 1957 నుంచి బ్రైటన్‌లో పాత రైల్వే వర్క్‌షాప్‌లో ఇసెట్టాలు తయారయ్యాయి. ఆ కార్ల ఫ్యాక్టరీకి రోడ్డు దారి లేదు! సామాను రైల్లో వచ్చేది, కార్లు రైల్లో పోయేవి. 1959లో మినీ వచ్చింది, నలుగురు నిజంగా పట్టే కారు. బీఎండబ్ల్యూ 1962లో ఇసెట్టాలు ఆపేసింది. మేం పిడత ఎక్కేనాటికే దాని కాలం అయిపోయింది. అందుకే అక్కకు చవగ్గా దొరికింది.

ఒక సభ్యుడు, అనంతపురం: 
అమ్మా, బెర్లిన్‌లో ఈ కారును మ్యూజియంలో చూసినాను, చెక్‌పాయింట్ చార్లీ దగ్గర, అంటే ఒకప్పుడు తూర్పు, పడమర బెర్లిన్ల మధ్య ఉన్న తనిఖీ గేటు. బెర్లిన్ గోడ కట్టినాక తూర్పు నుంచి పడమరకు మనిషిని ఇందులో దాచి తీసుకొచ్చినారంట. ఇంత చిన్న కారులో మనిషి ఉంటాడని కాపలావాళ్ళకు అనుమానం రాలేదంట. మీ పోస్టు చదివినాక ఆ కారే కళ్ళ ముందు ఉంది.

నేను: 
బాబూ, ఎంత మంచి మాట గుర్తుచేశారు! దాన్ని గురించి నేనూ చదివాను. సీటు వెనక, ఇంజను పక్కన చోటు కోసం పెట్రోలు ట్యాంకు తీసేసి చిన్న డబ్బా పెట్టారు. ఆ సీటు వెనక ఎంత జాగా ఉంటుందో నాకు తెలుసు. మా పులిహోర గిన్నె పెడితే మూత తీయడానికి వీలయ్యేది కాదు. అక్కడ ఒక నిండు మనిషి మోకాళ్ళు గుండెకు ఆనించుకుని, దగ్గు రాకుండా, సరిహద్దు దాటేదాకా ఒదిగి ఉన్నాడు. నాకు ఇప్పుడే ఇంకోటి తట్టింది. మన రెండు క్రియలూ ఒక్కచోట కలిసిన మాట ఒకటుంది: పట్టుబడడం. పట్టు, పడు. ఆ మనిషి ఆ కారులో పట్టాడు, పట్టుబడలేదు.

తెలుగు ఉపాధ్యాయుడు: 
అమ్మా, రేపు తొమ్మిదో తరగతిలో ఈ వాక్యం బోర్డు మీద రాస్తాను.

నేను: 
రాయండి మాస్టారూ. మా మనవరాలికి ఇదంతా చదివి వినిపించాను. తన వాక్యం తనే కొట్టేసి మళ్ళీ రాసింది, ఉన్నదున్నట్టు పెడుతున్నాను: ‘ఇద్దరు పట్టే కారు. పడతామా అని అడిగేవాళ్ళు, ఒదిగి కూర్చునేవాళ్ళు, నలుగురూ పట్టేవాళ్ళు.’ తరవాత నన్ను అడిగింది, ‘అమ్మమ్మా, నీకు దెబ్బ తగిలిన మోచెయ్యి ఏది?’ అని. ఎడమది. మచ్చ ఇంకా ఉంది, చూపించాను.