పిల్లల కీళ్లవాతం గుర్తించడం ప్రతి పిల్లల డాక్టరుకూ నేర్పాలా, స్పెషలిస్టులకే వదిలేయాలా?

పీజీ, కర్నూలు:
ఎండీ పీడియాట్రిక్స్ రెండో ఏడాదిలో ఉన్నాను. మా యూనిట్‌లో ఈ ప్రశ్న మీద పెద్ద వాదన నడిచింది. "రుమటాలజీ (కీళ్లవాతం లాంటి జబ్బుల వైద్యం) మనకెందుకు, అనుమానం వస్తే పంపించేస్తే సరిపోతుంది" అన్నారు ఒక సీనియర్. అనుమానం రావాలన్నా నేర్చుకుని ఉండాలి కదా! మీరేమంటారు?

పల్లె ఓపీ డాక్టర్:
మీ సీనియర్ చెప్పిందే సబబు. జ్వరాలు, విరేచనాలు, ఆయాసాలతో మా ఓపీ మధ్యాహ్నం దాటినా తెమలదు. పైగా అరకొరగా నేర్పితే మోకాలు నొప్పి అన్న ప్రతి పిల్లాడికీ ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్ లాంటి కీళ్లవాతం రక్తపరీక్షలు రాసేస్తారు. ఎదిగే నొప్పులున్న పిల్లలు సాయంత్రం కాళ్లు పిసకమంటారు, పొద్దున్నే పరుగెడతారు. వాళ్ల అమ్మానాన్నలకు అనవసరమైన ఖర్చు, టెన్షన్.

మెడికల్ కాలేజీ టీచర్, పీడియాట్రిక్స్:
నేర్పాలంటున్నది టెస్టులు రాయడం కాదండీ, చేత్తో కీలు పట్టి చూడడం. 16 ఏళ్లలోపు మొదలై, వేరే కారణమేదీ దొరక్కుండా 6 వారాలు దాటిన కీళ్లవాపును జేఐఏ (జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్) అంటాం, పిల్లల కీళ్లవాతం అంటే ఇదే. వీళ్లలో ఎక్కువమందికి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివే. ఆ కాగితం చూసి "ఏమీ లేదు" అని పంపేస్తే అక్కడే దెబ్బతింటాం.

2006లో బ్రిటన్‌లో హెలెన్ ఫాస్టర్ బృందం బడి ఈడు పిల్లల కోసం పీగాల్స్ (pGALS) అనే, కీళ్లను త్వరగా చూసే పరీక్ష ప్రచురించింది. ముందు మూడు ప్రశ్నలు: కీళ్లలో, కండరాల్లో, నడుములో నొప్పి గానీ బిగుసుకుపోవడం గానీ ఉందా? బట్టలు తనంతట తను వేసుకోగలుగుతున్నాడా? మెట్లు ఇబ్బంది లేకుండా ఎక్కి దిగుతున్నాడా? ఆ తర్వాత నడిపించి చూడడం, పిడికిలి బిగించమనడం, నోట్లో మూడు వేళ్లు పట్టేలా తెరవమనడం లాంటివి. అలవాటైతే రెండు నిమిషాల పని.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్ష. అది పెరిగితే ఈమధ్య గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చి వెళ్లిందని మాత్రమే అర్థం. అదొక్కటి చూసి రుమాటిక్ జ్వరం (ఆ గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్లకు, గుండెకు వచ్చే జబ్బు) అనేసి, 21 రోజులకోసారి పెనిడ్యూర్ (పెన్సిలిన్ ఇంజెక్షన్) మొదలుపెడుతున్నారు. రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక పెద్ద కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంది, ఆస్పిరిన్‌తో చప్పున తగ్గుతుంది. నెలల తరబడి ఒకే మోకాలు వాచి ఉంటే అది వేరే జబ్బు.

ఒక తల్లి, గుంటూరు:
సార్, మా పాపకు జరిగింది అదే. పొద్దున లేవగానే కుంటేది, పదింటికల్లా బాగానే ఆడుకునేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది సాయంత్రం కాబట్టి ఎవరికీ తేడా కనిపించలేదు. ఏడాది పొడవునా ఆ ఇంజెక్షన్లే చేయించాం. చివరికి హైదరాబాద్‌లో జేఐఏ అని తేల్చి, ఈ జబ్బు కంట్లోకీ రావచ్చని, ముందు కళ్ల డాక్టరుకు చూపించమన్నారు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపుతో చూస్తే కన్ను లోపల వాపు. కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు, నీరు కారలేదు. ఎవరైనా చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?

పల్లె ఓపీ డాక్టర్:
అమ్మా, పాప చూపు ఇప్పుడు బాగుందనుకుంటాను. మూడు ప్రశ్నలు అడగడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గుర్తించాక పంపేదెక్కడికి? పిల్లల రుమటాలజిస్టులు పెద్ద నగరాల్లోనే. మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు రాయించుకుని మళ్లీ మా దగ్గరికే వస్తారు.

టీచర్:
అందుకే మీకూ తెలిసుండాలంటున్నాను. ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. లివర్, రక్తకణాల పరీక్షలు మీ ఊళ్లోనే అవుతాయి. ఇంకొకటి, లుకేమియా (రక్త క్యాన్సర్) కూడా కీళ్లనొప్పితోనే మొదలు కావచ్చు. రాత్రి నిద్రలేపే ఎముక నొప్పి ఉన్నా, రక్తకణాల లెక్క తగ్గినా, బోన్‌మారో (ఎముక మజ్జ) చూడకుండా స్టెరాయిడ్ ఇస్తే అసలు జబ్బు మరుగున పడుతుంది. ఇది స్పెషలిస్టు దాకా వెళ్లకముందే జరిగిపోయే తప్పు.

పీజీ, కర్నూలు:
మా ప్రాక్టికల్స్‌లో గుండె, ఊపిరితిత్తులు, నరాల కేసులే వస్తుంటాయి సార్. కీళ్ల కేసు ఇచ్చినట్టు వినలేదు.

టీచర్:
షార్ట్ కేసుల్లో (ప్రాక్టికల్స్‌లో ఇచ్చే చిన్న కేసులు) ఒకటి కీళ్లది పెట్టమని మా పరీక్షల బోర్డును అడుగుతున్నాను. కొత్త పోస్టింగ్ అక్కర్లేదు, సిలబస్‌లోంచి ఏదీ తీసేయక్కర్లేదు. పరీక్షలో వస్తుందంటే పీజీలు వార్డులో ప్రతి మోకాలూ పట్టి చూస్తారు.