క్లాసులో చిన్న చిన్న సామాన్లకి తక్కువ ఖర్చులో ఎలాంటి డబ్బాలు తీసుకోవాలి?

రెండోక్లాసు టీచర్:
నమస్తే అండీ. ఒకటి, రెండు తరగతులు చూస్తాను, ముప్పై మంది దాకా పిల్లలు. క్రేయాన్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, గ్లూ స్టిక్కులు, కత్తెరలు, లెక్కల బిళ్లలు అన్నీ ఒకే బీరువాలో కలగాపులగంగా పడి ఉంటున్నాయి. ఏదైనా యాక్టివిటీ మొదలుపెడదామంటే కత్తెరలు వెతకడానికే సగం పీరియడ్ అయిపోతోంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని అన్నీ అందులో వేసేయమని కొందరు, దేనికది చిన్న డబ్బా కొనమని కొందరు చెబుతున్నారు. చేతి డబ్బులే పెట్టుకోవాలి కాబట్టి తక్కువలో అయ్యేది చెప్పండి. మూతలున్నవి తీసుకోవాలా, లేనివా? పిల్లలే తీసుకుని పిల్లలే మళ్లీ పెట్టేయాలి, నాకు అది ముఖ్యం.

సుద్దముక్క:
పెద్ద డబ్బా వద్దే వద్దండీ. అడుగున ఉన్నది కావాలంటే పిల్లలు మొత్తం నేల మీద కుమ్మరిస్తారు. లోతు తక్కువగా, వెడల్పుగా ఉన్న ట్రేలు తీసుకోండి, పైనుంచి చూస్తే అడుగు కనబడాలి. రోజూ వాడే వాటికి మూత అక్కర్లేదు, ఎందుకంటే మూత తీస్తారు కానీ మళ్లీ పెట్టరు, చివరికి ఏ మూత ఏ డబ్బాదో వెతికే పని మీ మీద పడుతుంది. స్టాకుకి మాత్రం మూత ఉన్నవి కొని పై అరలో పెట్టండి. అసలు కొనేముందు ఇంట్లో ఏమున్నాయో చూడండి. బూట్ల పెట్టెల మూతలు మంచి ట్రేలు అవుతాయి, పుష్ పిన్నులు, క్లిప్పుల లాంటి వాటికి పాత ఐస్ ట్రే చాలు.

కత్తెరలకి డబ్బా కూడా వద్దు. గట్టి అట్టపెట్టె బోర్లించి, పైన వరసగా చీలికలు కోసి, మొనలు కిందికి ఉండేలా గుచ్చండి. ఒక్కో చీలిక పక్కన నంబరు, అదే నంబరు కత్తెర పిడి మీద. బెల్లు కొట్టే ముందు ఒకసారి చూస్తే ఏ నంబరు ఖాళీగా ఉందో తెలిసిపోతుంది, లెక్కపెట్టే పనే ఉండదు.

లెక్కలమాస్టారు:
బిళ్లల గురించి చెబుతాను. అన్నీ ఒక డబ్బాలో పోసి మధ్యలో పెడితే పంచుకోవడంలోనే గొడవలు. 20 లోపు కూడికలు చెప్పే తరగతి కదా, ఇద్దరికి ఒక సెట్టు చొప్పున 20 బిళ్లలు లెక్కపెట్టి జిప్ కవర్లలో ముందే పెట్టేయండి. ఒక్కో సెట్టులో ప్రతి బిళ్ల మీదా ఒకే రంగు చుక్క పెట్టండి, కవరు మీదా అదే చుక్క. బల్ల కింద దొరికిన బిళ్ల ఎవరిదో అని ఇక అడగక్కర్లేదు.

ఇంకోటి, 12 గుడ్లు పట్టే అట్ట దొరికితే ఒక చివర రెండు గుంటలు కత్తిరించేయండి. అయిదేసి చొప్పున రెండు వరసలు మిగులుతాయి, మనం వాడే పది గళ్ల పట్టిక అదే. 8కి 5 కలపమంటే పది గుంటలు నిండి మూడు బయట మిగలడం పిల్లలు కళ్లతో చూస్తారు. క్లాసు అయ్యాక తిరిగి సర్దేటప్పుడు పది నింపి ఇంకో పది నింపితే సెట్టు పూర్తిగా ఉందో లేదో వాళ్లకే తెలుస్తుంది. నాకైతే కొన్న ఏ డబ్బా కన్నా ఇదే నచ్చింది.

రంగుపెన్సిల్:
డబ్బా ఏ ప్లాస్టిక్కో కూడా చూడండి. గాజులా మెరుస్తూ గట్టిగా, పెళుసుగా ఉండేది చాలావరకు పాలీస్టైరీన్, అడుగున త్రికోణంలో 6 అని ఉంటుంది. వినైల్ రబ్బర్లలో మెత్తదనం కోసం కలిపే పదార్థం దానికి తగిలి తగిలి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, రబ్బర్లు డబ్బాకి అతుక్కుపోతాయి. రబ్బరుకి కాగితం తొడుగు ఉండేది అందుకే, తీసేయనివ్వకండి. 5 అని ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు కాస్త వంగుతాయి, కిందపడ్డా తొందరగా పగలవు. రెండు వైపులా మొన ఉన్న స్కెచ్ పెన్నులు నిలబెడితే పైమొన ఎండిపోతుంది, వాటిని పడుకోబెట్టే ట్రే కావాలి.

చిన్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు మాత్రం ఈ ట్రేలలో పెట్టకండి, దయచేసి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వాటిని తాళం వేసే చోటే ఉంచాలి.

రెండోక్లాసు టీచర్:
అందరికీ చాలా థాంక్స్ అండీ, గుడ్ల అట్ట రేపే మొదలుపెడతాను. లేబుల్స్ సంగతి? సగం మందికి ఇంకా చదవడం రాదు.

సుద్దముక్క:
బొమ్మ, దాని కింద పేరు, రెండూ వేయండి. మూత మీద వద్దు, మూతలు మారిపోతాయి, డబ్బా ముందువైపు అంటించి పైన వెడల్పు టేపు వేయండి. అలమరలో డబ్బా ఉండాల్సిన చోట కూడా అదే బొమ్మ అంటిస్తే, డబ్బా తీయగానే కింద ఖాళీలో బొమ్మ కనబడుతుంది, ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అన్ని ట్రేలూ ఒకే రోజు బయట పెట్టకండి. ముందు క్రేయాన్లు ఒక్కటే ఇచ్చి, తీయడం పెట్టడం రెండూ చేయించండి, అది అలవాటయ్యాకే రెండో ట్రే.