కెన్యాలో రాజ్యాంగ సవరణను కోర్టు ఆపడం సబబేనా?

గోదారిగట్టు:
2018 మార్చిలో అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా, ప్రతిపక్ష నేత రైలా ఒడింగా చేతులు కలిపారు. అందులోంచి పుట్టిందే బీబీఐ (బిల్డింగ్ బ్రిడ్జెస్ ఇనిషియేటివ్) రాజ్యాంగ సవరణ బిల్లు. ప్రధానమంత్రి పదవి, 70 కొత్త నియోజకవర్గాలు, దేశ ఆదాయంలో 47 కౌంటీల (మన జిల్లాల్లాంటివి, సొంత ప్రభుత్వాలుంటాయి) కనీస వాటా 15 నుంచి 35 శాతానికి పెంపు... ఇవీ అందులోని ముఖ్యాంశాలు. పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, పార్లమెంటు పాస్ చేసింది. జనం ఓటెయ్యడమే మిగిలింది. 2021 మేలో హైకోర్టు కొట్టేసింది, 2022 మార్చి 31న సుప్రీంకోర్టు కూడా బిల్లును బతకనివ్వలేదు. 2007 ఎన్నికల తర్వాత గొడవల్లో వెయ్యిమందికి పైగా చచ్చిపోయిన దేశం అది. గెలిచినవాళ్లకే అంతా దక్కే పద్ధతి మారుద్దామంటే జడ్జీలు అడ్డుపడటం న్యాయమా?

మట్టిబాట:
మార్చాలనడం తప్పు కాదండీ. ఎవరు, ఏ దారిలో మారుస్తున్నారన్నదే గొడవ. 2010 రాజ్యాంగంలో 257వ అధికరణం పౌరుల కోసం పెట్టింది. పార్లమెంటులో బలం లేని మామూలు మనుషులు సంతకాలు పోగేసి సవరణ తెచ్చుకోవడానికి. అధ్యక్షుడే మొదలుపెట్టి, తాను వేసిన కమిటీలతో నడిపించి, చివర్లో ప్రజల పేరు పెడితే ఎలా? ఆ దారి అధ్యక్షుడిది కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 70 నియోజకవర్గాల గురించి జనాన్ని అడగనే లేదని కూడా చెప్పింది.

ఇంకో సంగతి. రాజ్యాంగం మూల స్వరూపాన్ని సవరణతో కూడా మార్చకూడదనే మన కేశవానంద భారతి కేసులోని మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని హైకోర్టు అక్కడికీ వర్తింపజేసింది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అంటే దారి సరిగ్గా ఉంటే రాజ్యాంగంలో దేన్నైనా మార్చుకునే హక్కు కెన్యా ప్రజలకు ఉన్నట్టే. ఓటు హక్కు లాగేసుకున్నారనడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

గోదారిగట్టు:
మరి 35 శాతం? మారుమూల కౌంటీల ఆసుపత్రులకు అది చాలా పెద్ద విషయం. అదీ పోయింది కదా.

మట్టిబాట:
నాకూ అదే బాధ. అందుకే దాన్ని పదవుల పంపకంతో ముడిపెట్టడం మీద ఇంత కోపం. విడిగా తెచ్చి ఉంటే నేనూ సమర్థించేవాణ్ని. పైగా ఉన్న రాజ్యాంగాన్నే అమలు చేయలేదండీ. చట్టసభల్లో ఒకే లింగం వాళ్లు మూడింట రెండు వంతులు మించకూడదన్న నియమానికి చట్టం చేయలేదని, 2020లో ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా పార్లమెంటును రద్దు చేయమని సలహా ఇచ్చారు. ఉహురు చేయలేదు. ముందు ఆ చట్టం తెచ్చి చూపించమని అడగాలి. కౌంటీల వాటా మీద విడిగా బిల్లు పెట్టమని కూడా.